కోరలు పీకిన క్రిములు

మీ ఎడమ చేతి చొక్కా పైకి మడిచి, భుజానికి కాస్త కిందుగా చూసుకోండి. మీలో చాలామందికి అక్కడ చిన్న గుంటలాంటి మచ్చ కనిపిస్తుంది. మీరు పసిపిల్లలుగా ఉన్నప్పుడు వేసిన బి.సి.జి. టీకా గుర్తు అది. క్షయ నుంచి కాపాడటానికి వేసే టీకా. ఆ సూదిలో ఉన్నదేమిటో తెలుసా? బతికి ఉన్న బాక్టీరియా! అది కూడా ఆవులకు క్షయ తెచ్చే బాక్టీరియా వంశానికి చెందినది.

భయపడకండి. దాని కోరలు ముందే పీకేశారు. ఎలా పీకారో కొంచెం సేపట్లో చెప్పుకుందాం.

ఇప్పుడు మీ ఇంటి పశువులపాకలోకి, పాడి లేకపోతే పక్కింటి పాకలోకి వెళ్లి చూడండి. పెయ్య దూడ చెవికి 12 అంకెలున్న బిళ్ల కనిపించవచ్చు. దూడ చిన్నతనంలో పశువుల డాక్టరు దానికి ఈసుడు రోగం రాకుండా ఒక టీకా వేస్తారు. ఆ టీకా దాని జన్మకంతటికీ ఒక్కసారే. అదే పాకలో ఉన్న గేదెకు మాత్రం గొంతువాపు రాకుండా తొలకరికి ముందు ప్రతి ఏడూ సూది పొడవాలి. రెండు రోగాలూ బాక్టీరియా వల్ల వచ్చేవే. రెండింటికీ టీకాలున్నాయి. మరి ఒకటి జన్మకొకసారి, ఇంకొకటి ఏడాదికొకసారి ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే రోగనిరోధక శక్తి గురించి సగం పాఠం వచ్చినట్టే.

తొలకరితో వచ్చే ఆపద

గోదావరి డెల్టాలో జూన్ నెల అంటే పల్లెకు ప్రాణం లేచి వచ్చే కాలం. ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు వదులుతారు. నారుమళ్లు తడుస్తాయి. దమ్ము చేసిన చేలలో మోకాలి లోతు బురద. మనకు సంబరమే. కాని ఎండాకాలమంతా మేత చాలక నీరసించిన పశువులకు ఇది గడ్డుకాలం. ఉన్నట్టుండి వానలో తడుస్తాయి. బురదలో నిలబడతాయి. వరద వస్తే లంకల్లో మేసే పశువులను గట్టుమీదికి తోలుకొచ్చి ఒకేచోట గుంపుగా కడతారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పారింది. అంతటి వరదల్లో పశువులు పడే అవస్థ మీ తాతగారిని అడిగితే చెబుతారు.

సరిగ్గా ఇలాంటి సమయంలోనే గొంతువాపు విరుచుకుపడుతుంది. దీన్నే గురకవాపు అని కూడా అంటారు. ముందు రోజు సాయంత్రం దాకా బాగున్న గేదె తెల్లవారేసరికి మేత ముట్టదు. జ్వరం 104 డిగ్రీలు దాటుతుంది. నోటి నుంచి చొంగ కారుతుంది. గొంతు కింద నీరు పట్టి వాస్తుంది. ఊపిరి ఆడక గురక పెడుతుంది. చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే, ఒక్కోసారి కొద్ది గంటల్లోనే ప్రాణం పోతుంది. ఆవులకన్నా గేదెలకు ఈ రోగం మరీ ప్రమాదకరం. డెల్టాలో పాడి అంటే ముఖ్యంగా గేదెలే కదా!

రోగం బయటపడిన తొలి గంటల్లో మందు పడితే బతికే అవకాశం ఉంది. కాని రాత్రివేళ రోగం వస్తే, డాక్టరును పిలుచుకొచ్చేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పాల డబ్బులతో పిల్లల ఫీజులు కట్టే ఇంట్లో ఒక్క గేదె పోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ రోగాన్ని తెచ్చే బాక్టీరియా పేరు పాశ్చురెల్లా మల్టోసిడా. మల్టోసిడా అంటే అనేకులను చంపేది అని అర్థం. విచిత్రమేమిటంటే అది ఎక్కడో దూరం నుంచి రాదు. ఆరోగ్యంగా కనిపించే కొన్ని పశువుల గొంతులోనే నక్కి ఉంటుంది. పశువు నీరసపడినప్పుడు విజృంభిస్తుంది. చొంగతో, తుమ్ములతో బయటపడి పక్క పశువుకు అంటుకుంటుంది. తడి నేలలో కొంతసేపు బతికి ఉంటుంది. తొలకరి దానికి అన్నివిధాలా అనుకూలం.

ఆ మొదటి పేరు మీకు ఎక్కడో విన్నట్టు అనిపించడం లేదా? అవును, అది లూయీ పాశ్చర్ పేరే. దాని వెనక ఒక కథ ఉంది.

పాశ్చర్ కోళ్లు

ఫ్రాన్సులో 1879లో పాశ్చర్ కోళ్ల కలరా అనే రోగం మీద పరిశోధన చేస్తున్నాడు. మనుషులకు వచ్చే కలరాకూ దీనికీ సంబంధం లేదు. ఈ రోగం తెచ్చే క్రిమి మన గేదెల గొంతువాపు క్రిమికి స్వయానా తోబుట్టువు. రెండూ ఒకే జాతి. రకాలు మాత్రం వేరు. పాశ్చర్ దాన్ని గాజు కుప్పెల్లో కోడిమాంసం రసం పోసి పెంచేవాడు. అందులో ఒక చుక్క కోడికి ఎక్కిస్తే చాలు, కోడి చచ్చిపోయేది.

ఒకసారి కొన్ని వారాలపాటు కదపకుండా ఉండిపోయిన పాత రసాన్ని కోళ్లకు ఎక్కించారు. అవి కాస్త జబ్బుపడ్డాయి. కాని చావలేదు. తేరుకున్నాయి. తరువాత అవే కోళ్లకు కొత్తగా పెంచిన, మంచి బలమున్న క్రిములను ఎక్కించారు. అవే క్రిములను ఇంతకుముందు ఏ సూదీ పడని కోళ్లకు కూడా ఎక్కించారు. కొత్త కోళ్లు చచ్చాయి. పాత రసం రుచి చూసిన కోళ్లు నిక్షేపంగా తిరిగాయి!

ఇదంతా సెలవుల్లో రసాన్ని మరిచిపోవడంవల్ల జరిగిన అదృష్టమని కథలుగా చెబుతారు. పాశ్చర్ నోటుపుస్తకాలను పరిశీలించిన వారు అది అంత తేలికగా జరగలేదని చెప్పారు. పాశ్చరూ, ఆయన సహాయకుడు ఎమిల్ రూ నెలల తరబడి మళ్లీమళ్లీ ప్రయోగాలు చేశారు. ఫలితాన్ని 1880 ఫిబ్రవరిలో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి తెలియజేశారు. గాలి సోకుతూ ఎక్కువకాలం నిలవ ఉంటే క్రిమి బలహీనపడుతుందనీ, బలహీనపడిన క్రిమి రోగం తేకుండా రక్షణ ఇస్తుందనీ పాశ్చర్ వివరించాడు.

ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. అంతకుముందు 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికి టీకా కనిపెట్టాడు. ఆయన వాడింది ప్రకృతిలో దొరికిన ఆవుపొక్కుల రసం. అలాంటి మెత్తని చుట్టం ప్రతి రోగక్రిమికీ దొరకదు కదా! పాశ్చర్ చూపించింది వేరు. భయంకరమైన క్రిమినే తీసుకుని, పరిశోధనాగారంలో దాన్ని మనమే మెత్తబరచవచ్చు. జెన్నర్ మీది గౌరవంతో అన్ని టీకాలకూ వ్యాక్సిన్ అనే పేరు వాడదామని పాశ్చర్ 1881లో సూచించాడు. లాటిన్ భాషలో వాకా అంటే ఆవు. అంటే మన టీకా పేరులోనే పశువుల పాక వాసన ఉంది!

యాభై జీవాల పందెం

కోళ్లతో ఊరుకోలేదు పాశ్చర్. తరువాత దొమ్మరోగం మీద పడ్డాడు. దొమ్మ అంటే మన రైతులకు హడలు. ఆంత్రాక్స్ అని డాక్టర్లు పిలిచేది దీన్నే. దీని క్రిములు సిద్ధబీజాలుగా మారి మట్టిలో ఏళ్లతరబడి పడి ఉంటాయి. దొమ్మతో చచ్చిన పశువును కోయకూడదని చెప్పేది అందుకే. గాలి తగిలితే ఆ సిద్ధబీజాలు తయారై నేలంతా పాడవుతుంది.

1881 మే నెలలో పాశ్చర్ పుయీ-ల-ఫోర్ అనే పల్లెలో అందరి ఎదుటా ప్రయోగం పెట్టాడు. గొర్రెలూ మేకలూ కలిపి 50 జీవాలు. కొన్ని ఆవులు కూడా ఉన్నాయి. ఆ 50లో 25 జీవాలకు బలహీనపరచిన క్రిములను రెండు విడతలుగా, మే 5న ఒకసారి, 17న ఒకసారి ఎక్కించారు. మిగిలిన 25కు ఏమీ వేయలేదు. మే 31న అన్నింటికీ నిజమైన దొమ్మక్రిములను ఎక్కించారు. జూన్ 2న జనం గుంపులుగా వచ్చి చూశారు. టీకా వేసిన జీవాలు మేత మేస్తున్నాయి. వేయని వాటిలో చాలా భాగం అప్పటికే చచ్చి పడి ఉన్నాయి. మిగిలినవి ఆ రోజు చీకటి పడేలోగా వాళ్ల కళ్లముందే చచ్చిపోయాయి.

ఇక్కడ ఇంకో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. దొమ్మక్రిమిని 42, 43 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పెంచి బలహీనపరచే పద్ధతిని పాశ్చర్ కనిపెట్టాడు. కాని ఆ రోజు పల్లెలో వాడింది రూ, షాంబర్లాన్ కలిసి పొటాషియం డైక్రోమేట్ అనే రసాయనంతో తయారుచేసిన టీకా అని ఆయన నోటుపుస్తకాలు చదివిన చరిత్రకారులు బయటపెట్టారు. ఆ సంగతి పాశ్చర్ అప్పుడు చెప్పలేదు. ఎంత గొప్పవాడి మాటనైనా ఆయన రాసిపెట్టిన లెక్కలతో సరిచూడటమే విజ్ఞానశాస్త్రం పద్ధతి.

కోరలు ఎలా పీకుతారు?

పాములవాడి బుట్టలో పాము పడగ విప్పుతుంది, బుస కొడుతుంది. కాని కాటేస్తే విషం ఎక్కదు. పాము పామే, కోరలు మాత్రం లేవు. బలహీనపరచిన క్రిమి కూడా అంతే. దాని ఆకారమూ, పైపొరా, నడతా అన్నీ అసలు క్రిమివే. రోగం తెచ్చే ఆయుధం మాత్రం ఉండదు, లేదా మొద్దుబారి ఉంటుంది. ఆ ఆయుధాన్ని తీసే పద్ధతులు చాలా ఉన్నాయి.

ఒకటి, క్రిమిని దానికి అలవాటు లేని తిండిమీద తరతరాలుగా పెంచడం. బి.సి.జి. అలా పుట్టిందే. ఫ్రాన్సులో ఆల్బర్ట్ కాల్మెట్, కామిల్ గెరాన్ అనే ఇద్దరు 1908లో మొదలుపెట్టి 13 ఏళ్లపాటు ఆవు క్షయక్రిమిని ఎద్దు పిత్తరసమూ గ్లిసరినూ కలిపిన బంగాళాదుంప ముక్కలమీద పెంచారు. మూడు వారాలకొకసారి కొత్త దుంపమీదికి మార్చేవారు. అలా 230 సార్లు మార్చేసరికి అది రోగం తెచ్చే శక్తి పోగొట్టుకుంది. వీరిలో గెరాన్ పశువుల డాక్టరు. టీకా పేరులోని చివరి రెండక్షరాలూ వీరిద్దరివే. 1921లో దాన్ని మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చారు. మన దేశంలో 1948లో బి.సి.జి. వేయడం మొదలైంది మన మదనపల్లెలోనే.

రెండోది, కొన్ని లక్షణాలు తమంతట తాము పోగొట్టుకున్న క్రిములను ఏరుకోవడం. దొమ్మక్రిమికి రెండు ఆయుధాలు. ఒకటి విషం. రెండోది ఒంటిచుట్టూ ఉండే జిగురుకోటు. ఆ కోటు ఉంటే మన రక్తకణాలు దాన్ని మింగలేవు. దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ 1930లలో కోటు లేని దొమ్మక్రిమిని వేరుచేశాడు. ఇప్పుడు ప్రపంచమంతటా పశువులకు వేసే దొమ్మ టీకా చాలావరకు ఆ వంశానిదే.

మూడో కథ పాశ్చర్ కోళ్ల కథను గుర్తుకు తెస్తుంది. అమెరికాలో జాన్ బక్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు 1923లో ఒక జెర్సీ ఆవు పాలలోంచి ఈసుడు రోగం క్రిమిని వేరుచేశాడు. ఆ గొట్టం పరిశోధనాగారంలో మామూలు గది వేడిలోనే ఏడాదికి పైగా ఉండిపోయింది. తరువాత పరీక్షించి చూస్తే క్రిమి బతికే ఉంది, కాని కరకుదనం పోయింది. దానికి 19వ రకం అని పేరు. మీరు పాకలో చూసిన పెయ్య దూడకు వేసేది ఆ 19వ రకం సంతతినే. వందేళ్ల నాటి ఆ ఆవు పాలలోంచి వచ్చిన క్రిమి మన కోనసీమ దూడను కాపాడుతోంది!

బతికినదా, చచ్చినదా?

ఇక అసలు ప్రశ్న. టీకాలన్నీ బలహీనపరచిన క్రిములతోనే చేయరు. క్రిములను పూర్తిగా చంపి కూడా చేస్తారు. మన గేదెలకు వేసే గొంతువాపు టీకా అలాంటిదే. పాశ్చురెల్లా క్రిములను ఫార్మలినుతో చంపి, పటిక లాంటి పదార్థంతోగాని నూనెతోగాని కలిపి తయారుచేస్తారు. ఈ తేడా అర్థం కావాలంటే మీ వంటింట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి.

పాలు కాచి గోరువెచ్చగా చల్లార్చి రెండు గ్లాసుల్లో పోయండి. మొదటి గ్లాసులో చెంచాడు పెరుగు తోడు వేయండి. ఇంకో చెంచాడు పెరుగును కొంచెం నీళ్లలో కలిపి, అమ్మ సాయంతో బాగా మరిగించి చల్లార్చి రెండో గ్లాసులో వేయండి. రెండింటికీ మూతపెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే చూస్తే మొదటిది గడ్డపెరుగు. రెండోది తోడుకోదు. ఎందుకు? రెండింటిలోనూ వేసిన క్రిములు దాదాపు సమానమే. కాని బతికి ఉన్న తోడు ఒకటి రెండై, రెండు నాలుగై, గ్లాసంతా నిండింది. చచ్చిన తోడు వేసింది వేసినట్టే ఉండిపోయింది.

బతికున్న టీకా తోడులాంటిది. కొద్ది మోతాదు వేసినా ఒంట్లో కొన్నాళ్లు పెరుగుతుంది. అసలు రోగక్రిమి ఏ దారిన వెళుతుందో ఆ దారినే వెళుతుంది. శరీరం దానితో నిజమైన యుద్ధమే చేస్తుంది. చచ్చిన టీకా పెరగదు. అందుకే ఎక్కువ మోతాదు కావాలి. అది త్వరగా కరిగిపోకుండా నూనెలాంటి తోడ్పాటు కావాలి. అయినా దాని జ్ఞాపకం కొంతకాలానికి మసకబారుతుంది. పటికతో చేసిన గొంతువాపు టీకా రక్షణ నాలుగైదు నెలలు. నూనెతో చేసినది తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు. ఏటా తొలకరికి ముందు మళ్లీ వేయించాలనేది అందుకే.

అలాగని బతికున్న టీకాలన్నీ జన్మకొకసారే అనుకోకండి. స్టెర్న్ దొమ్మ టీకా బతికున్నదే. అయినా దొమ్మ కనిపించే ప్రాంతాల్లో ఏటా వేయాలి. కోటు లేని క్రిమిని రక్తకణాలు తేలికగా మింగేస్తాయి కదా!

శత్రువు ఎక్కడ దాక్కుంటాడు?

"అలాగైతే అన్ని రోగాలకూ బతికున్న టీకాలే వేయవచ్చు కదండీ?" అని తరగతిలో పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. జవాబు శత్రువు ఎక్కడ దాక్కుంటాడనే దానిమీద ఆధారపడుతుంది.

మన ఒంట్లో, పశువు ఒంట్లో కూడా, రెండు రకాల కాపలా ఉంది. ఒకటి, రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు. ఇవి క్రిమి పైపొరను గుర్తుపట్టి అంటుకుపోతాయి. అంటుకున్న క్రిమిని మింగుడు కణాలు సులువుగా పట్టేస్తాయి. రెండోది, కణాల కాపలా. శత్రువు మన కణం లోపలే దాక్కుంటే దాన్ని పసిగట్టి, ఆ కణాన్ని మేల్కొలిపి, లోపలి క్రిమిని చంపించే లింఫోసైట్లు ఇందులో ఉంటాయి.

గొంతువాపు క్రిమి రక్తంలో బహిరంగంగా పెరుగుతుంది. దాన్ని పట్టడానికి ప్రతిరక్షకాలు చాలు. ప్రతిరక్షకాలు తయారుకావడానికి చచ్చిన క్రిమిని చూపించినా సరిపోతుంది. అందుకే అక్కడ చచ్చిన టీకా పనిచేస్తోంది. బతికున్న గొంతువాపు టీకా కూడా లేకపోలేదు. జింకలో దొరికిన ఒక మెత్తని రకాన్ని ముక్కులో చల్లే పద్ధతిని మయన్మార్‌లో వాడారు.

ఈసుడు రోగం క్రిమి వేరు. దాని పేరు బ్రూసెల్లా. అది మహా గడుసుది. తనను మింగిన మింగుడు కణంలోనే కాపురం పెడుతుంది! దొంగ పోలీసుస్టేషనులోనే దాక్కున్నట్టు. కణం బయట తిరిగే ప్రతిరక్షకాలు అక్కడ దాన్ని అందుకోలేవు. కణాల కాపలా మేల్కోవాలి. దాన్ని గట్టిగా మేల్కొలపాలంటే టీకాలోని క్రిమి కూడా బతికి ఉండి, అదే కణాల్లోకి దూరగలగాలి. 19వ రకం చేసే పని అదే. లోపలికి దూరుతుంది, కొన్నాళ్లుంటుంది, కాపలాకు పాఠం నేర్పి తుడిచిపెట్టుకుపోతుంది. ఆ పాఠం పశువుకు ఏళ్లతరబడి గుర్తుంటుంది.

ఇదే మన మొదటి ప్రశ్నకు జవాబు.

పాకలోంచి ఇంట్లోకి

ఈసుడు రోగం గురించి మరికొంత చెప్పాలి. ఇది పశువులతో ఆగదు. ఈ రోగం సోకిన ఆవో గేదో చూడి చివరి నెలల్లో ఈసుకుపోతుంది. దూడ దక్కదు, పాలూ దక్కవు. మాయ సరిగా పడదు. మళ్లీ చూడి కట్టడం ఆలస్యమవుతుంది. ఈసుకుపోయిన పిండంలో, మాయలో, కారే ద్రవాల్లో క్రిములు లెక్కలేనన్ని ఉంటాయి. వట్టి చేతులతో వాటిని తీసినవారికీ, పచ్చిపాలు తాగినవారికీ క్రిమి సోకుతుంది. వస్తూ పోతూ ఉండే జ్వరం, రాత్రివేళ చెమటలు, కీళ్లనొప్పులు, నడుంనొప్పి. మలేరియా అనో టైఫాయిడ్ అనో నెలలు గడిచిపోవచ్చు. 1887లో మాల్టా దీవిలో సైనికులకు వచ్చే ఇలాంటి జ్వరం నుంచే డేవిడ్ బ్రూస్ ఈ క్రిమి జాతిని పట్టుకున్నాడు. మేకపాల ద్వారా అది వస్తోందని 1905లో తేలింది.

మనుషులకు మందుంది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందును మరో మందుతో కలిపి వారాలపాటు వాడతారు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చినప్పుడు ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినది ఎవరో తెలుసా? భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు! కాని పశువులకు అంతకాలం మందు వాడటం కుదిరే పని కాదు. వాడినా క్రిమి కణాల్లో దాక్కుని తప్పించుకుంటుంది. పశువులో నివారణ ఒక్కటే దారి. పశువులో రోగం ఆగితేనే మనిషికీ రక్షణ.

అందుకే 2019 సెప్టెంబరులో మన దేశం గాలికుంటుతో పాటు ఈసుడు రోగాన్ని కూడా అదుపు చేయడానికి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్య దూడలకు ఒక్కసారి టీకా వేస్తారు. ఈ టీకాను తయారుచేసే సంస్థల్లో హైదరాబాదులో ఏర్పడిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ కూడా ఉంది.

కోరలు పీకినా పాము పామే

మరి పెయ్యలకే ఎందుకు? నాలుగు నుంచి ఎనిమిది నెలలే ఎందుకు? బతికున్న క్రిమితో వ్యవహారం కనుక.

దూడ తల్లి కడుపులో ఉన్నప్పుడు తల్లి ప్రతిరక్షకాలు మాయ దాటి రావు. పుట్టిన తొలిగంటల్లో తాగే జున్నుపాల ద్వారానే అందుతాయి. మీరు లొట్టలు వేసుకుంటూ తినే జున్ను దూడకు మొదటి కవచం అన్నమాట. కనుక ముందు దూడ కడుపునిండా తాగాలి, మిగిలితేనే మనకు జున్ను! మరీ చిన్న దూడలో ఈ అరువు ప్రతిరక్షకాలు టీకా క్రిమికి అడ్డుపడతాయి. నాలుగు నెలలు ఆగేది అందుకే. ఎనిమిది నెలలు దాటి ఎదిగిన పశువుకు వేస్తే రక్తంలో ప్రతిరక్షకాలు చాలాకాలం నిలిచిపోతాయి. తరువాత రక్తపరీక్ష చేస్తే అవి రోగంవల్ల వచ్చాయా, టీకావల్ల వచ్చాయా అని తేల్చడం కష్టం. చూడి పశువుకు వేస్తే అది ఈసుకుపోయే ప్రమాదమూ ఉంది. మగదూడలకు వేస్తే వృషణాలు వాచవచ్చు. అందుకే వాటికి వేయరు. సూది పొరపాటున టీకా వేసేవారి చేతికి గుచ్చుకుంటే వారికి కూడా జ్వరం రావచ్చు. కనుక వారు చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి.

బతికున్న టీకాను బతికించుకోవడం మరో సమస్య. పొడిగా ఆరబెట్టిన టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. కలిపాక కొద్ది గంటల్లోనే వాడాలి. ఎండ తగలకూడదు. సూదిని స్పిరిటుతో తుడిచి ఆ తడి ఆరకముందే వాడితే లోపలి క్రిములు చస్తాయి. అప్పుడది మరిగించిన తోడే. దూడకు సూది పడుతుంది కాని రక్షణ పడదు.

మీరు చేయగలిగినది

గొంతువాపు టీకా వేస్తే ఒకటి రెండు రోజులు పాలు తగ్గుతాయని, సూది పడినచోట వాస్తుందని కొందరు వద్దంటారు. తగ్గే మాట నిజమే. కాగితం మీద లెక్క వేసి చూపించండి. రోజుకు లీటరు పాలు తగ్గి, రెండు రోజులు అలాగే ఉంటే పోయేది ఎంత? గేదె పోతే పోయేది ఎంత? లెక్క చెప్పిన తరువాత వాదన అక్కరలేదు. ఒక ఊళ్లో పది గేదెలకు వేసి తొంభైని వదిలేస్తే ఆ తొంభై మధ్య రోగం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఊరంతా వేయించాలి. బలహీనపరచిన వైరస్ టీకాలతో ఊరూరా, మందమందా ఇలా వేయబట్టే రిండర్‌పెస్ట్ అనే పెద్దరోగం ప్రపంచంలోనే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు.

మీ వీధిలో ఈ పట్టిక తయారుచేయండి. ఇంటికి ఎన్ని పశువులు, గొంతువాపు టీకా ఏ నెలలో వేశారు, నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలు ఎన్ని, వాటిలో టీకా పడనివి ఎన్ని. దాన్ని మే నెలలో మీ ఊరి పశువుల ఆసుపత్రిలో ఇవ్వండి. తొలకరి పడ్డాక ఇస్తే ఆలస్యమవుతుంది, ఎందుకంటే ఏ టీకా అయినా వేసిన వెంటనే పనిచేయదు. ఒంట్లో కాపలా తయారుకావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఏ పశువైనా ఈసుకుపోతే పిండాన్నీ మాయనూ వట్టి చేతులతో ముట్టుకోవద్దని ఇంట్లో పెద్దలకు చెప్పండి. కాలువలో పారేయనివ్వకండి. ఆ కాలువ నీళ్లే కింది ఊరి పశువులు తాగుతాయి. కుక్కలు లాగకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పాతిపెట్టించండి. డాక్టరుకు కబురు చేయండి. పాలు పొంగేదాకా కాచే తాగండి.

ఇంకొక్క ప్రశ్న మిగిల్చి ముగిస్తాను. క్రిమి కోరలు పాశ్చర్ కాలంలో వేడిలో, పాత రసంలో ఊడాయి. క్రిమిలోని ఏ జన్యువు ఏ కోరను తయారుచేస్తుందో ఇప్పుడు మనకు చాలావరకు తెలుసు. కావలసిన కోరను మాత్రమే ఎంచి తీయగల పద్ధతులూ ఉన్నాయి. బ్రూసెల్లాకు చూడి పశువుకు కూడా వేయదగిన, రక్తపరీక్షను తికమక పెట్టని, మనిషికి గుచ్చుకున్నా హాని చేయని టీకా కావాలి. మూడు గుణాలూ ఉన్న క్రిమి కోసం శాస్త్రజ్ఞులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. మీలో ఎవరు పశువైద్యం చదువుతారు?